జానెడు పచ్చ

హూడిలో గోడలకి రంగు వేయాలంటే పెద్దమునియప్పనే పిలుస్తారు. గోకడం, పగుళ్లకి పట్టీ పెట్టడం, అన్నీ ఒంటిచేత్తోనే. అందరూ ముందు కప్పు వేస్తే, ఈయన చివర్న వేస్తాడు. రంగు చాలకపోతే మళ్లీ డబ్బా తెప్పించడు. మిగిలిన చోటుకి కావలసిన రంగుని గదే లాక్కుంటుంది. బ్రూక్‌ఫీల్డ్‌లో పద్మావతమ్మ ఇంట్లో నీలం తక్కువైతే, దండెం మీది నీలం చీర సాయంత్రానికి తెల్లబడింది. ఆవిడ కాసేపు సణిగి, దాన్నే కట్టుకుంది.

రెండువేల రెండులో, హరిణి తన తొమ్మిది రోజుల పిల్లతో ఆస్పత్రి నుంచి మధ్యాహ్నం తిరిగొచ్చింది. పిల్లకి పచ్చకామెర్లు. రెండు రోజులుగా ఏడవడం లేదు, పాలు తాగడం లేదు. రేపు పొద్దున పరీక్షలో ఇంకా పెరిగితే రక్తం మార్చాలన్నాడు డాక్టరు. భర్త కౌశల్ వైట్‌ఫీల్డ్ ఆఫీసులో ఉన్నాడు, ఫోనెత్తడం లేదు.

ఉయ్యాల గది తలుపు తీసి అదిరిపడింది. గోడలన్నీ పసుపు.

"ఇదేంటి తాతా! పచ్చ వెయ్యమన్నాను కదా!"

"పచ్చే కదమ్మా ఏసింది."

"ఆకుపచ్చ!"

"ఆకని నువ్వు చెప్పలేదే. మాకు ఉట్టి పచ్చంటే ఇదే." పెద్దమునియప్ప నిచ్చెన దిగాడు. "పైన కొంచెం తక్కువైంది కూడా."

కప్పులో సరిగ్గా ఉయ్యాల కొక్కెం పక్కన తెల్లటి చోటు ఉంది. హరిణి దాన్ని చూసింది, చేతుల్లో పసుపు తిరిగిన పిల్లని చూసింది.

"ఎంత తక్కువైంది?"

"జానెడు."

"ఎవరి జాన తాతా? మీదా, పిల్లదా?"

"నాదేనమ్మా." ఆమె ఏం తలచిందో ఆయనకీ అర్థమైంది. "గదిలో ఉండే పచ్చంతా లాగుతాది. యాడ ఆపాలనేది మాత్రం దానికి తెల్దప్పా."

గదిలో ఇంకే పచ్చా ఉండకూడదని హరిణి నిమ్మకాయలు బయట పెట్టింది. పసుపు గుడ్డలు బయట పెట్టింది. మెళ్లో పసుపుతాడు కూడా తీసి గడప అవతల పెట్టింది. తప్పో ఒప్పో ఆలోచించలేదు. పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఎత్తుకునేందుకు రెండు చేతులూ చాచి నిలబడింది.

తెల్ల చోటు అంచుల నుంచి పచ్చ నిండడం మొదలైంది. పైన చోటు తగ్గుతుంటే కింద పిల్ల అరికాళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత పొట్ట, బుగ్గలు, చివరికి కళ్లలో తెలుపు. పైన ఇంకా గోరంత చోటు మిగిలే ఉంది. పిల్లలో ఇక పచ్చ లేదు. ఉన్నట్టుండి పెదాలు పాలిపోసాగాయి.

హరిణి పిల్లని చంకనెత్తుకున్నా లాగడం ఆగలేదు. "తాతా, తాడు!" అని కేక పెట్టింది.

ఆయన గడప అవతలి తాడు అందుకుని విసిరాడు. హరిణి అందుకుని దాన్ని కప్పు వైపు ఎత్తి పట్టుకుంది. తాడు ఆమె వేళ్లలోనే తెల్లబడిపోయింది. గోరంత చోటు నిండింది.

పిల్ల కెవ్వుమంది. రెండు రోజుల ఆకలంతా ఒక్కసారే ఏడ్చింది. హరిణి ఆ తెల్లతాడే మెళ్లో వేసుకుని, నేలమీద కూలబడి పాలు పట్టింది.