సమాధానం అనే పడవ

నేను ఒక పడవను. నీళ్ళ మీద తిరిగిన కాలం కన్నా గట్టు మీద బోర్లా పడి ఉన్న కాలమే ఎక్కువ గనుక, ఆ మాట చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. పుట్టింది తాళ్ళరేవులో. టేకు పలకలు కోసి, నల్లతుమ్మ వంపులు పక్కటెముకలుగా నిలబెట్టి, సందుల్లో దూది కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూశారు. ఆ వాసన పోవడానికి ఒక వేసవి పట్టింది. నీళ్ళ వాసన తెలిసింది ఆ తరువాతే.

నన్ను చేయించింది ఒక లూథరన్ సినడ్. పేరెందుకు లెండి. సినడ్ అంటే తెలియని వారికి ఒక్క మాట చెబుతాను. ఆ ప్రాంతంలోని లూథరన్ సంఘాలన్నిటికీ అది తల్లిలాంటిది. కుర్రవాళ్ళను చదివించి, పాస్టర్లుగా అభిషేకించి ఊళ్ళకు పంపేది అదే. కూలిన గుడికి కప్పు వేయించేది, ఆస్పత్రి నడిపేది, వరదొస్తే బియ్యం పంచేది కూడా అదే. ఆ బియ్యం ఎక్కడివంటే, సంఘాల్లోని ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టినవి. నా ఒంట్లోని మేకుల్లో సగం ఆ గుప్పెళ్ళతోనే వచ్చాయని విన్నాను.

అప్పటి అధ్యక్షుడు పెద్దమనిషి. నా పక్క మీద తెల్ల రంగుతో ‘సమాధానం’ అని రాయించారు. బైబిలు చదివేవాళ్ళకి ఆ మాటకు శాంతి అని అర్థం. రేవులో మిగతా పడవల వాళ్ళు మాత్రం, ‘సమాధానం సరే, అడిగిన ప్రశ్నేమిటో’ అని నవ్వుకునేవారు.

గౌతమి పాయ మధ్యలో ఈతలంక అని ఒక దీవి ఉండేది. మెరక మీద మట్టితో కట్టిన ఇటుక గోడల గుడి, చుట్టూ ఇళ్ళు, ఇళ్ళ చుట్టూ కూరపాదులు, ఈతచెట్లు. ఆ సంఘానికి సినడ్ పంపిన పాస్టరు నేలపూడి అభిషేకం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పడవ ఎక్కితే నిలబడాలో కూర్చోవాలో చాలాకాలం తెలియలేదు. ఆయన భార్య హెప్సిబా సినడ్ ఆస్పత్రిలో నర్సు. వారానికొకసారి మందుల పెట్టెతో ఆయన వెంట లంకకు వచ్చేది. నన్ను నడిపేవాడు మల్లాడి పల్లయ్య. ఆయన క్రైస్తవుడు కాదు. రోజూ నన్ను నీళ్ళలోకి నెట్టే ముందు గంగమ్మకు దణ్ణం పెట్టుకునేవాడు. ఆ తరువాత అభిషేకం గారు ప్రార్థన చేసేవారు. ఇద్దరి దేవుళ్ళకూ నా మీద చోటు సరిపోయింది.

ఆ రోజుల్లో నేను మోయని బరువు లేదు. ప్రభురాత్రి భోజనానికి రొట్టె, ద్రాక్షారసం ఉన్న పెట్టె, గుడికప్పుకి పెంకులు, పాముకాటు తిన్న మనిషి, హాస్టల్లో చేరబోతూ ఏడ్చే పిల్లలు, కోతకాల పండుగకి లంకవాళ్ళు ఇచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు. హెప్సిబా పడవలో ఊరికే కూర్చునేది కాదు. చేతులు నీళ్ళలో పెట్టి, లంకలో ఎవరికి నెలలు నిండుతున్నాయో పల్లయ్యకు చెబుతూ ఉండేది, ఏ వేళ కబురొచ్చినా అతడు సిద్ధంగా ఉండాలని.

తరువాత ఆ అధ్యక్షుడు పోయాడు. ఎన్నికలు వచ్చాయి. సాల్మన్‌రాజు గారు, ఫిలేమోను గారు, ఇద్దరూ పాస్టర్లే, ఇద్దరూ గెలిచామన్నారు. కోర్టుకెళ్ళారు. ఒకే వేదంలోంచి ఒకరి మీద ఒకరు వాక్యాలు విసురుకున్నారు. ఇద్దరి మనుషులూ వచ్చి ఆఫీసుకి తాళాలు వేశారు, ఆస్పత్రి మందుల గదికి వేశారు, చివరికి రేవులో నా గొలుసుకి కూడా చెరొక తాళం వేసి పోయారు. అభిషేకం గారికి ఒక అధ్యక్షుడు ఈతలంకలోనే ఉండమన్నాడు, మరొకాయన మన్యం పొమ్మన్నాడు. లంకవాళ్ళకు ఇంకెవరూ లేరని ఆయన ఉండిపోయాడు. రెండో ఆయన దృష్టిలో ఆ క్షణం నుంచే శత్రువయ్యాడు. హెప్సిబా మాత్రం ఎవరి మాటా అడగలేదు. చేపలవాళ్ళ పడవల్లో బతిమాలుకుని లంకకు పోయి వస్తూనే ఉంది.

ఆ ఏడు గోదావరి ఎన్నడూ రానంతగా వచ్చింది. వరద ముదిరే ముందురోజే లంకలో మాణిక్యం అనే పిల్లకి నొప్పులొస్తున్నాయని కబురొస్తే హెప్సిబా వెళ్ళింది. మర్నాడు తెల్లవారేసరికి లంక చుట్టూ సుడులు. ఉన్న పడవలన్నిటినీ పెద్ద ఊళ్ళ కోసం అధికారులు తీసుకుపోయారు. రేవులో మిగిలినదాన్ని నేనొక్కదాన్నే, రెండు తాళాలతో.

అభిషేకం గారు పల్లయ్యను వెంటబెట్టుకుని ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళారు. అక్కడ జరిగింది పల్లయ్య చెప్పగా విన్నాను. సాల్మన్‌రాజు గారు జాలిపడ్డారట.

“నా తాళం తియ్యడానికి నాకేం అభ్యంతరం లేదయ్యా. ముందు ఆయన్ని తియ్యమను. నేను ముందు తీశానంటే హక్కు వదులుకున్నట్టు రాసుకుంటారు వాళ్ళ ప్లీడరు.”

ఫిలేమోను గారు లంకవాళ్ళ కోసం వరండాలో మోకరించి ప్రార్థించారట. చాలాసేపు, చాలా బాగా ప్రార్థించారని పల్లయ్యే ఒప్పుకున్నాడు. ఆమెన్ అన్నాక లేచి, అవతలాయన అన్న మాటే అన్నారు.

వానలో తడుస్తూ ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. పల్లయ్య గునపం తెచ్చి తాళాల మీద ఎత్తాడు. అభిషేకం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“తాళాలు వాళ్ళవి పల్లయ్యా, వాటి జోలికి పోవద్దు. పడవ లంకవాళ్ళది.”

అప్పుడు నా ముక్కున ఉన్న ఇనపకడియం కింద గునపం పెట్టి ఇద్దరూ కలిసి పెకలించారు. కడియంతో పాటు నా పలక చీలి ఒక పేడు ఊడిపోయింది. గొలుసూ, కడియమూ, రెండు తాళాలూ చెక్కుచెదరకుండా రేవు స్తంభాన వేలాడుతూ ఉండిపోయాయి. నేను బయలుదేరాను. ఆ చీలికలోంచి నీళ్ళు లోపలికి రావడం మొదలయింది. పల్లయ్య తలగుడ్డ తీసి అందులో కుక్కాడు.

ఈతలంకలో మెరక ఒక్కటే మిగిలింది. జనమంతా గుడి అరుగు మీద ఉన్నారు. మాణిక్యానికి గుడిలోనే కాన్పయింది. హెప్సిబా తన పైట కొంగు చించి బిడ్డకు చుట్టి, తల్లినీ బిడ్డనీ ముందుగా ఎక్కించింది. తరువాత పిల్లల్ని, వాళ్ళ తల్లుల్ని. నా అంచులకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు కూడా లేదు.

నువ్వెక్కు, నేనుంటానన్నారు అభిషేకం గారు. ఆవిడ ఒప్పుకోలేదు.

“పల్లయ్య గెడ వెయ్యాలా, నీళ్ళు తోడాలా? మీరు తోడకపోతే ఈ పిల్లలంతా మునిగిపోతారండి. వీళ్ళని దింపేసి రండి. ఎంతసేపు?”

అంత మామూలుగానే అంది, బజారుకు పంపుతున్నట్టు.

ఆయన తోడుతూనే ఉన్నారు. తలగుడ్డ రెండుసార్లు ఊడి వచ్చింది. పల్లయ్య కాలి మడమతో చీలికను నొక్కిపెట్టి గెడ వేశాడు. ప్రవాహం మమ్మల్ని రేవుకు చాలా దిగువకు ఈడ్చుకుపోయింది. దింపి, చీలికను మళ్ళీ కుక్కి, ఎదురెక్కి వచ్చేసరికి మెరక కనిపించలేదు. గుడి కనిపించలేదు. ఈతచెట్ల తలలు కనిపించాయి, వాటిని పట్టుకుని మనుషులు. మగవాళ్ళందరినీ చెట్లెక్కమని తరిమి, ఎక్కలేని ఒక గుడ్డి ముసలమ్మను పట్టుకుని హెప్సిబా గుడిలోనే కూర్చుందట. మట్టిగోడ నాని, ఒక్కసారే పడిపోయిందట. చెట్టు మీదివాడు ఈ మాట చెబుతుంటే పల్లయ్య గెడ ఆగిపోయింది.

“ఆపకు,” అన్నారు అభిషేకం గారు. “ఆ చివరి చెట్టు ఒరిగిపోతోంది. ముందు అటు పోనీ.”

చెట్ల మీదివాళ్ళను ఒక్కొక్కరినీ ఆయనే చేతులు చాచి దింపుకున్నారు. పొద్దుగూకేముందు ఆఖరివాణ్ణి గట్టు మీద దింపాక నాలోకి తిరిగొచ్చి, తోడే డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇక తోడలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చినా లేవలేదు. పల్లయ్యే ఎత్తుకుని దించాడు.

వరద తీశాక దిగువన సరుగుడు తోటలో ఆమె దొరికింది. గట్టు పక్కనే గొయ్యి తీశారు. రెండు కార్లలో ఇద్దరు అధ్యక్షులూ వచ్చారు, ఇద్దరూ పాస్టర్ల పొడుగు అంగీలు వేసుకుని, ఇద్దరూ ఆరాధన పుస్తకాలు పట్టుకుని. భూస్థాపన ఎవరు జరిపించాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. అధ్యక్షుడి హోదాలో అన్నారొకరు, న్యాయబద్ధమైన అధ్యక్షుడి హోదాలో అన్నారు మరొకరు. అభిషేకం గారు అంతసేపూ గొయ్యిలోకే చూస్తూ ఉన్నారు. తరువాత తలెత్తారు.

“మీరిద్దరూ కాస్త పక్కకి జరగండి. పల్లయ్య మట్టేస్తాడు.”

పల్లయ్య వెనక్కి తగ్గాడు. “నేనా అయ్యగోరూ? నేను మీ వోణ్ణి కాదు గదండీ.”

“ఆమె కోసం వచ్చినవాడివి నువ్వే.”

మొదటి పిడికెడు మట్టి పల్లయ్యే వేశాడు.

అప్పటిదాకా ఏ విషయంలోనూ కలవని ఆ ఇద్దరూ ఆ వారం ఒక్క విషయంలో కలిశారు. ఎవరి పద్ధతిలో వారు అభిషేకం గారిని పరిచర్య నుంచి తొలగించారు, పడవ దొంగిలించాడని ఎవరికి వారు ఫిర్యాదు ఇచ్చారు. కేసు తేలేదాకా నన్నెవరూ వాడకూడదని, బాగుచేయకూడదని, అమ్మకూడదని కోర్టు చెప్పి, పల్లయ్య కాపలాలో పెట్టింది. గట్టు మీద బోర్లించారు. ఈతలంక మళ్ళీ పైకి తేలలేదు. ఏటికేడూ గోదావరి దాన్ని కోసుకుపోయింది. లంకవాళ్ళు నా చుట్టూ గట్టు మీదే పాకలు వేసుకున్నారు. అభిషేకం గారికీ వాళ్ళే ఒక పాక వేశారు.

ఆదివారం ఆయన అంగీ లేకుండా, లుంగీ చొక్కాతో వాళ్ళ మధ్య కూర్చుని వాక్యం చదివేవారు. పాటలు పాడించేవారు. మాణిక్యం కూతురికి హెప్సిబా అనే పేరు పెట్టమని తల్లే అడిగితే, తల ఊపి అవతలికి వెళ్ళిపోయారు. ప్రభురాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షారసం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. సంఘం ఇచ్చిన అధికారం సంఘమే తీసుకుంది, అది తప్పయినా సరే, నా అంతట నేను తిరిగి తీసుకోనన్నారు. తన తల్లి చావుబతుకుల్లో ఉన్నప్పుడు మాణిక్యం వచ్చి ఆయన కాళ్ళ మీద పడింది.

“ఒక్క ముక్క పెట్టండయ్యగోరూ. ఎవరికి తెలుస్తదండీ?”

“నాకు తెలుస్తుందమ్మా.”

ముసలిది పోయేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు గానీ, రొట్టె ఇవ్వలేదు. మాణిక్యం ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. ఆయన చేసింది ఒప్పో తప్పో నేను చెప్పలేను. ఆ రాత్రి నుంచి ఆయన తిండి తగ్గిపోయిందని మాత్రం తెలుసు.

మనుషులు కేసును ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నాకు చెదలు పట్టింది, ఎవరూ దులపకూడదు. పలకలు విచ్చుకున్నాయి, ఎవరూ కుక్కకూడదు. సాల్మన్‌రాజు గారు కాలం చేశారు. ఫిలేమోను గారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అప్పుడు అటువాళ్ళూ ఇటువాళ్ళూ విసిగి రాజీపడ్డారు. కొత్త అధ్యక్షుడు, నడివయసు మనిషి, గట్టు మీదికి నడిచి వచ్చారు. అభిషేకం గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, సినడ్ మీకు అన్యాయం చేసింది, తిరిగి రండి, అంగీ తొడుక్కోండి అన్నారు. అభిషేకం గారికి అప్పటికే చేతులు వణికేవి.

“నాకిప్పుడెందుకండీ? ద్రాక్షారసం గిన్నె ఎత్తితే ఒలికిపోతుంది. వీళ్ళకి ఒకరిని పంపండి. ఇక్కడొక సంఘం ఉందని రాసుకోండి.”

పంపారు. రూతు సుశీల అని, అప్పుడే అభిషేకం పొందిన పాస్టరమ్మ. తాటాకు పందిరి వేసి ఆమె మొదటి ప్రభురాత్రి భోజనం ఇచ్చింది ఇవాళే. అభిషేకం గారు పెద్దమనుషుల పక్కన కుర్చీ వద్దన్నారు. వరుసలో మాణిక్యం పక్కన మోకరించి, వణికే చేతుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చాచారు. ముక్క పెట్టాక కూడా చేతులు అలాగే ఉంచేశారు. మాణిక్యం ఆయన మణికట్టు పట్టుకుని నోటి దాకా తీసుకెళ్ళింది.

ఆరాధన తరువాత ప్రేమ విందు. వంటకు పుల్లలు చాల్లేదు. అధ్యక్షుడు నన్ను చూసి, బాగుచేయిద్దామా అన్నారు. పల్లయ్య కత్తిమొన నా పలకలో గుచ్చితే పిడి దాకా దిగింది. “దీన్ని పొయ్యిలో పెట్టేద్దామండి, అన్నమైనా ఉడుకుద్ది,” అన్నాడు. తనే గొడ్డలి తెచ్చి ముక్కు వైపు నుంచి నరికాడు. పేరు రాసిన పలకతో సహా నా ముందు సగం డేగిశా కింద ఎర్రగా మండింది. ఈ కథ వెనక సగంతో చెబుతున్నాను.

పందిట్లో అధ్యక్షుడి ప్రసంగం ఇంకా సాగుతోంది. అన్నం ఉడికింది. అభిషేకం గారు రెండు విస్తళ్ళు పట్టుకుని, జనం మధ్యకి రాకుండా దూరంగా నిలబడ్డ పల్లయ్య దగ్గరికి మెల్లగా నడిచి వచ్చారు. ఇద్దరూ నా మీద కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, గోదావరి కేసి తిరిగి తింటున్నారు. కాస్త కిర్రుమన్నాను గానీ, ఇద్దరి బరువూ మోశాను.