ముందే వండి పెట్టి రావద్దు

చైర్మన్ గారూ, మా సాయంత్రం కాలేజీ మూతపడితే ఆ పాపం మీది, మీ పక్కన కూర్చుని తలలూపిన కౌన్సిలర్లది. "కాలేజీ నిధుల మీద బహిరంగ సభ పెట్టాం, ప్రజల్లో ఆసక్తి కనపడలేదు" అని పేపరు వాళ్ళకు చెప్పారు కదా. ఆ సాయంత్రం ఆసక్తి ఎక్కడుందో నన్నడగండి. వంటింట్లో ఉంది. ఉల్లిపాయలు తరుగుతోంది. సరిగ్గా పొయ్యి వెలిగించే వేళకు సభ పెట్టి, ఆసక్తి రాలేదని మూతి ముడుచుకుంటే ఎలా?

పగలు పని చేసుకునే వాళ్ళం సాయంత్రాలు చదువుకునే కాలేజీ అది. పెద్ద కాలేజీల మెట్లెక్కలేని వాళ్ళం, చిన్నప్పుడే బడి మాన్పించిన వాళ్ళం, అందులోనూ ఎక్కువమంది ఆడవాళ్ళం. నేను ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే కోర్సులో ఉన్నాను. పగలు అదే పని చేసే షాపులో ఫోన్లు ఎత్తుతాను. ఫోన్లని పేరే గానీ మెకానిక్కులకు టీ పెట్టేది నేను, వాళ్ళు తాగిన గ్లాసులు కడిగేది నేను, "దార్లో ఉన్నాడండీ, వచ్చేస్తున్నాడు" అని వాళ్ళ తరఫున అబద్ధాలాడేది నేను. సర్టిఫికెట్ తెస్తే మెకానిక్‌గా తీసుకుంటానని మా ఓనరు మాటిచ్చాడు, ఇది తెచ్చిందా చచ్చిందా అన్న ధైర్యంతో. ఇక ఒక్క టర్ము మిగిలింది. ఇప్పుడు కాలేజీ మూస్తే ఆ టీ గిన్నె పక్కనే నాకు జుట్టు నెరుస్తుంది.

మా ఆయన చెడ్డవాడు కాదు. చుట్టాలంతా ఈ సంగతి నాకు తరచూ గుర్తు చేస్తుంటారు, నేను మర్చిపోతానేమోనని. కోర్సులో చేరతానంటే, "చేరు, నేనేమైనా వద్దన్నానా? ఇంట్లో పనికి ఇబ్బంది రాకపోతే చాలు" అన్నాడు. చూశారా ఎంత ఉదారమో. మునుగు గానీ తడవకు అన్నట్టు. మా అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసి, "ఆడది స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఇల్లు చల్లగా ఉంటుందా?" అంది. "ఏసీ బాగైతే ఉంటుందత్తయ్యా" అన్నాను. దాంతో కొన్నాళ్ళు మా ఇల్లు నిజంగానే చల్లగా ఉంది, ఆవిడ నాతో మాట్లాడలేదు.

మీరు నిధులు ఆపేస్తున్నారని తెలియగానే కాలేజీలో ఉద్యమ కమిటీ వేశాం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అందరూ మగవాళ్ళే. నన్ను మహిళా విభాగం కన్వీనర్‌ని చేశారు. అధ్యక్షుడు అకౌంట్స్ క్లాసులో చదువుతాడు. "అక్కా, పోస్టర్ల సంగతి మేం చూసుకుంటాం, మీరు మహిళా శక్తిని కదిలించండి" అన్నాడు. నేను ఇంకా కదలకముందే, "అలాగే అందరికీ ఓ టీ" అన్నాడు. పోస్టరు చూస్తే ముగ్గురి ఫొటోలూ చేతులు జోడించి ఉన్నాయి. కాలేజీ పేరుకు చోటు చాలక మూలకు నెట్టారు. ఎవరో పెళ్ళి శుభాకాంక్షలనుకుని చదవకుండా పోయారు.

సరే, నేనే గడప గడపకూ తిరిగాను. "ఆయన్నడిగి చెప్తానమ్మా" అనే వాళ్ళే ఎక్కువ. ఒకావిడ మాత్రం, "కాలేజీ ఉన్నా ఆయన నన్ను పంపడు. కానీ ఊళ్ళో కాలేజీ ఉంది, ఈయన పంపడం లేదు అని పోట్లాడ్డానికైనా ఉండాలి కదా. నేనొస్తా" అంది. అలా ఒక్కొక్కరినీ కూడగట్టాను. సభకు వస్తామని అందరూ మాటిచ్చారు. అందరూ వచ్చారు కూడా. కాకపోతే నాతో సహా ప్రతి ఒక్కరం, రాత్రికి ఇబ్బంది రాకూడదని ముందే వండి, గిన్నెల మీద మూతలు పెట్టి మరీ బయల్దేరాం. మేం వెళ్ళేసరికి మీ అటెండరు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. "అయిపోయిందమ్మా" అన్నాడు. చేతులు ఉల్లిపాయ వాసన కొడుతూ ఉద్యమమంతా గుమ్మంలో నిలబడింది.

మరో సభ పెట్టమని రోజూ భోజనాల వేళకు మీ ఆఫీసుకు వచ్చాను. నన్ను చూసి మీ పీఏ వెనక తలుపు నుంచి తప్పుకునేవాడు, నేనూ వెనక తలుపు దగ్గరే నిలబడ్డం నేర్చుకున్నాను. చివరికి సభకు ఒప్పుకున్నారు. మళ్ళీ అదే వేళకు.

క్లాసులో మా వాళ్ళతో చెప్పాను. "ఈసారి పొద్దున్నే వండేసుకుందాం" అంది బేకరీలో పనిచేసే పిన్ని.

"పొద్దున్నా లేదు, సాయంత్రమూ లేదు. ముందే వండి పెట్టి రావద్దు."

"అస్సలా?"

"అస్సలు."

"కనీసం అన్నం పడేసి?"

"అన్నం కూడా వద్దు పిన్నీ."

"మరి పిల్లలు?"

"వెంట తీసుకురండి."

"మరి ఆయన?"

"ఆయనకు కాళ్ళున్నాయిగా."

ఆ రోజు నేను చెప్పులేసుకుంటూ ఇంట్లో ఏమీ వండలేదని చెప్పాను. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "సర్లే, అమ్మ ఉందిగా" అన్నాడు. ఎంత ఆలోచించినా మా ఎత్తులో ఆ చిల్లు ముందు నాకు తట్టలేదు. కోడలు లేస్తే ఆ పీట మీద అత్త కూర్చోవాలి, అంతేగా.

హాలు నిండింది. మీరు మమ్మల్ని చూసి నవ్వుతూ, "అమ్మలకు కాలక్షేపం కావాలి, కాదనను. కానీ ఊరికి మురుగు కాలవలు ముఖ్యం" అన్నారు. మీరు కాలవల మీద మాట్లాడుతుండగానే తలుపు దగ్గర అలికిడి అయింది. మొగుళ్ళు. ఒకాయన ఖాళీ టిఫిన్ క్యారియర్ పట్టుకుని, ఇంకొకాయన ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని, గుంపులు గుంపులుగా లోపలికొచ్చారు. మీ ముఖంలో రంగు మారింది చైర్మన్ గారూ. "మగవాళ్ళు కూడా కదిలారా" అని పక్కాయనతో మీరనడం మైకులో అందరికీ వినపడింది. వెంటనే మర్యాదగా, ముందు నిలబడ్డ మా ఆయనకు మైకిప్పించి, "కాలేజీ గురించి మీ అభిప్రాయం చెప్పండి" అన్నారు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అది కాదండీ. మా ఆవిడ కుక్కర్ రబ్బరు ఎక్కడ పెట్టిందో కనుక్కుందామని."

"ఫ్రిజ్‌లో ఉంది" అన్నాను కూర్చున్న చోటు నుంచి.

"ఫ్రిజ్‌లోనా? ఎందుకు?"

"చల్లబడితే బిగుస్తుంది. కాలేజీకి రండి, నేర్పిస్తారు."

హాలంతా నవ్వుతుంటే మా అత్తయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో చతికిలపడింది.

"మీరు వండలేదా?" అన్నాను.

"నీ బదులు నేనెందుకు వండాలే? మీటింగు నీ ఒక్కదానికేనా?" అంది మోకాళ్ళు రుద్దుకుంటూ. "వాడు ఆ కుక్కర్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, మాట్లాడుతుందేమోనన్నట్టు. చూడలేక నేనూ బండెక్కాను. ఊఁ, నువ్వు లేచి చెప్పు. ఆయన కాలవల్లోంచి బయటికి రాడు."

అప్పుడు మీరు గడియారం చూసుకున్నారు. "చాలా ఆలస్యమైంది. ఇళ్ళల్లో వంటలుంటాయి, అమ్మలందరూ బయల్దేరండి. నిర్ణయం తర్వాత తెలియజేస్తాం" అన్నారు. మా ఆయన కూడా, "పదవోయ్, ఆకలేస్తోంది" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆయన రెండో చేతిలోంచి మైకు తీసుకుని, "మీరు కూర్చోండి" అన్నాను. కూర్చున్నాడు.

"చైర్మన్ గారూ, ఎవరికి వండాలి? పిల్లలు ఇక్కడే ఉన్నారు. మొగుళ్ళు ఇక్కడే ఉన్నారు. మా అత్తయ్యా ఇక్కడే ఉంది. ఇంకా తొందరగా ఉంటే మీరు ఇంటికెళ్ళి చూడండి, అక్కడా పొయ్యి వెలగలేదు. వెనక వరసలో, కిటికీ పక్కన కూర్చున్నది మీ ఆవిడే. తర్వాత తెలియజేయడాలు వద్దు. కాలేజీ నిధులు ఈ ఏడాదికి, పై ఏడాదికి, ఆ పై ఏడాదికి కూడా ఇస్తామని ఇక్కడే, మా కళ్ళ ముందే తీర్మానం చెయ్యండి. ఇకమీదట ఆడవాళ్ళ సంగతి తేల్చే ఏ సభా వంట వేళకు పెట్టొద్దు. కౌన్సిలర్లూ, మీకూ ఆకలిగానే ఉండి ఉంటుంది. చేతులెత్తండి."