బాజి బిగించిన వాచీ

శ్యాంబాబు కొట్టులోకి వచ్చిన తీరులోనే మహమూదాకు తేడా తెలిసింది. ఎప్పుడూ "చెల్లెమ్మా, టీ చెప్పు" అని నవ్వుతూ మెట్టెక్కే మనిషి ఆ రోజు చెప్పులైనా విడవలేదు. ఎడమ చేతి వాచీ ఊడదీసి కౌంటరు గాజు మీద టక్కున పెట్టాడు.

"మూత తియ్."

బందరు కోనేరు సెంటరు పక్క సందులో ఉన్న ఆ చిన్న కొట్టు ఆమె తండ్రి బాజిది. ముప్పయ్యేళ్లు ఆయన అక్కడే కూర్చుని వాచీలు బాగుచేశాడు. ఆరేళ్ల కిందట ఆయన పోయాక, చిన్నప్పటి నుంచీ పక్కన కూర్చుని పని నేర్చుకున్న మహమూదా ఆ స్టూలెక్కింది. ఆడదాని చేతికి వాచీ ఇవ్వడమేమిటని ముక్కు విరిచినవాళ్లే తర్వాత తర్వాత ఆమె కోసం కాచుకుని కూర్చోవడం నేర్చారు. వాళ్లందరిలో పెద్దబేరం శ్యాంబాబుది. నాగాయలంకలో రొయ్యల చెరువులు, ఇంట్లో నూటపది చేతివాచీలు. రోజూ కీ ఇవ్వాల్సిన పాత హెచ్.ఎం.టి.లు, తాతల నాటి స్విస్ వాచీలు, బెల్లం అచ్చంత లావుండే కొత్తరకాలు. చెరువు గట్టుకొకటి, ఆదివారం చర్చికొకటి, పెళ్లిళ్లకొకటి.

ఇప్పుడు గాజు మీదున్నది అన్నిట్లోకీ ఆయన గొప్పగా చెప్పుకునేది. అరవైల నాటి స్విస్ క్రోనోగ్రాఫ్. పక్కన రెండు మీటలు, డయల్లో స్టాప్‌వాచీ గడులు. నెల కిందట గుడివాడలో ఆనందరావు మాస్టారి దగ్గర కొన్నాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన ఆనందరావే శ్యాంబాబుకు వాచీల పిచ్చి అంటించిన గురువు.

"నిన్న బెజవాడలో వాచీలవాళ్లంతా కలిశాం. హైదరాబాదాయనొకడు దీన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసి పగలబడి నవ్వాడు. ముప్పై మంది ముందు నవ్వాడు. నువ్వు చెప్పు. నీ మాటే నాకు మాట."

మహమూదా ఐగ్లాసు కంటికి తగిలించుకుని మూత తీసింది. లోపలి మెషిన్ ఆ వాచీది కాదు. చౌకరకం వాచీలోని చిన్న మెషిన్ని ఆ పెద్ద కేసులో కదలకుండా కూర్చోబెట్టడానికి, చుట్టూ చేత్తో అరగదీసిన ఇత్తడి రింగు వేశారు. ఆ ఆకురాయి గీతలు ఏటవాలుగా, ఒకేవైపు ఉన్నాయి. మూత లోపల సూదిమొనతో గీసిన చిన్న 'బ' అక్షరం, దాని పక్కన 3-11. రెండువేల పదకొండు, మార్చి. ఆ చేతి పని ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే.

ఆమె మూత బోర్లించి పెట్టింది.

"చెప్పవేం?"

"కేసు నిజమైనదేనండీ. లోపలిది మాత్రం దీనిది కాదు. ఆ మీటలు కూడా ఊరికే ఉన్నాయి, పనిచెయ్యవు."

అంతవరకే చెప్పింది. 'బ' గురించి చెప్పలేదు. చచ్చిపోయిన తండ్రి పేరు ఆ కొట్టు బోర్డు మీద ఇంకా ఉంది. దాన్ని చూసే జనం వస్తున్నారు.

"పద గుడివాడ," అన్నాడు శ్యాంబాబు. "ఆయన ముందు ఈ మాటే చెప్పు. గొడవేం చెయ్యను. ప్రభువు తోడు."

రానంటే ఆయన ఒక్కడే వెళ్తాడు. అక్కడ ఇంకెవరో మూత తీస్తారు. వాచీ తన చేతిలో ఉండడమే మంచిదనుకుంది మహమూదా. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని షట్టరు దించింది.

శ్యాంబాబు కారు పెడన దాటింది. తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న ఒకళ్ల చెరువు మీద కాపలా ఉండేవాడు. వాళ్ల చేతివాచీ పోయిందన్నారు. నాన్నని కరెంటు స్తంభానికి కట్టేసి చెర్నాకోలతో కొట్టారు. సాయంత్రానికి వాచీ వాళ్ల ప్యాంటు జేబులోనే దొరికింది. దొరికాక కూడా ఎవరూ వచ్చి కట్లు విప్పలేదు. నేనే విప్పాను. ముడి రాక పళ్లతో విప్పాను." స్టీరింగు మీద చెయ్యి బిగిసింది. "అందరి కంటే మంచి వాచీ పెట్టాలనుకున్నాను. పెడితే నవ్వారు."

మహమూదా నోటిదాకా వచ్చింది, బండి ఆపమని. ఆపించి నిజం చెప్పేస్తే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. కవుతరం దాటింది, గుడ్లవల్లేరు దాటింది. చెప్పలేదు.

గుడివాడలో ఆనందరావు మాస్టారి ఇల్లు రైల్వే స్టేషను వెనక వీధిలో. డెబ్బై దాటిన బక్కపల్చటి మనిషి. బనీనుతో వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. వంటింట్లో ఆయన భార్య రత్నకుమారి అన్నం వారుస్తోంది.

"వందనాలు మాస్టారూ," అన్నాడు శ్యాంబాబు. ఆ మాట అంటూనే ఆయన్ని జబ్బ పట్టుకుని గదిలోకి లాక్కెళ్లాడు.

గదిలో గోడ పొడుగునా అద్దాల బీరువా ఉంది. అందులో దూది పరిచి అరవై దాకా వాచీలు పెట్టి ఉన్నాయి. మాస్టారు జీతం రోజుల నుంచి ఒక్కొక్కటే కూడబెట్టినవి. పక్కన ఇనప బీరువా.

"చెల్లెమ్మా, చెప్పు."

మహమూదా చెప్పింది. మెషిన్ వేరు, మీటలు ఉత్తవి.

"నాకేం తెలుసయ్యా," అన్నాడు ఆనందరావు. "నేను మూత తీసి చూశానా? నా దగ్గరికి ఎలా వచ్చిందో అలాగే ఇచ్చాను."

శ్యాంబాబు చెయ్యి వెనక్కి వెళ్లడం మహమూదా చూడలేదు. చప్పుడు మాత్రం వింది. మాస్టారి కళ్లజోడు గోడకు తగిలి ముక్కలైంది. రెండో దెబ్బకి ఆయన నేల మీద కూలబడ్డాడు. పెదవి చీలి రక్తం బనీను మీదికి కారింది.

"గొడవ చెయ్యనన్నారు కదండీ!" మహమూదా అడ్డం వెళ్లింది. మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్లి గుమ్మానికి కొట్టుకుంది.

శ్యాంబాబు వరండాలోని రోట్లోంచి పొత్రం తెచ్చాడు. బీరువా అద్దం ఒక్క వేటుకి జలజలా రాలింది. వాచీలు గుప్పెళ్లతో తీసి నేల మీద పోసి, పొత్రంతో దంచసాగాడు. ఒక్కొక్క దెబ్బకీ గాజు నలిగి, ముళ్లు ఎగిరి, పళ్లచక్రాలు గచ్చు మీద దొర్లాయి. దారం తెగిన పూసల్లా ఆ చిన్న చిన్న మరలు మంచం కిందికి పోయాయి. "తెలియదా? తెలియదా?" అంటూ దంచాడు. మాస్టారు పాక్కుంటూ వచ్చి, మిగిలిన వాచీల మీద ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు.

పొత్రం ఆగలేదు.

ఎముక విరిగిన చప్పుడు అంత చిన్నగా ఉంటుందని మహమూదాకు తెలియదు. ఎండు కొబ్బరి పుల్ల విరిచినట్టుంది. మాస్టారు అరవలేదు కూడా. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మణికట్టు దగ్గర చెయ్యి పక్కకి తిరిగిపోయింది. శ్యాంబాబు పొత్రం మళ్లీ ఎత్తాడు. ఈసారి తల మీదికి.

"చేసింది మా నాన్న!" అని అరిచింది మహమూదా. "మాస్టారికేం తెలీదు. మూత లోపల మా నాన్న గుర్తుంది. ఆ రింగు ఆయన చేసిందే. చంపెయ్యకండి!"

పొత్రం గాలిలోనే ఆగింది. శ్యాంబాబు నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. చెమటలో తడిసిన ఆ ముఖంలో మొదట అర్థం కానితనం కనిపించింది. తర్వాత అర్థమైంది.

"పొద్దున మూత తీసినప్పుడే తెలుసా నీకు?"

ఆమె తలూపింది.

"తెలిసీ నన్ను ఇక్కడిదాకా రానిచ్చావా? ఈ ముసలాయన్ని నా చేత కొట్టించావా?"

పొత్రం కింద పడేసి వచ్చాడు. ఆమె కుడిచేతి మణికట్టు పట్టుకుని ఇనప బీరువా దగ్గరికి ఈడ్చాడు. "ఏ చేత్తో చేస్తావే మీ మోసాలు? మీ అయ్య నేర్పింది ఈ చేతికేనా?" తలుపు సందులో ఆమె వేళ్లు పెట్టి, తలుపుని కాలితో తన్నాడు.

కళ్ల ముందు తెల్లగా మెరిసింది. ఆమెకు తన అరుపు ఎక్కడో వీధిలోంచి వస్తున్నట్టు వినిపించింది. తలుపు రెండోసారి తన్నడానికి అతను కాలెత్తినప్పుడు చెయ్యి సందులోంచి బయటికి లాక్కుంది. మోకాళ్ల మీద పడింది. సంచీలోని పనిముట్లు నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎడమ చేతికి దొరికిన దాన్ని పట్టుకుంది. వాచీ మూతలు తీసే పొట్టి కత్తి. బొటనవేలంత పొడుగు, మంచి పదును. ఉన్న బలమంతా పెట్టి శ్యాంబాబు తొడలో దింపింది. బయటికి లాగి మళ్లీ దింపింది.

శ్యాంబాబు గావుకేక పెట్టి, రెండు చేతులతో ఆమె గొంతు పట్టుకున్నాడు. ఊపిరి ఆడలేదు. అతని తొడ రక్తం ఆమె ఒళ్లో వెచ్చగా పడుతోంది. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఎత్తడానికి బలం లేదు.

అప్పుడు గుమ్మంలో రత్నకుమారి కనబడింది. రెండు చేతులా పాతగుడ్డ చుట్టుకుని అప్పుడే వార్చిన గంజి గిన్నె పట్టుకుంది. ఆమె ఒక్క మాట అనలేదు. రెండడుగులు వేసి, సలసలలాడే గంజి మొత్తం శ్యాంబాబు వీపు మీద గుమ్మరించింది.

ఆ కేకకి వీధంతా వచ్చింది.

మాస్టారినీ మహమూదానూ బందరు పెద్దాసుపత్రికి తెచ్చారు. ఆమె చూపుడువేలూ మధ్యవేలూ నలిగాయి. ఎముకలకు తీగలు వేసి కట్టు కట్టారు. శ్యాంబాబును పోలీసు కాపలాతో బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడో రోజు ఆమె కొట్టు దగ్గరికి వెళ్తే షట్టరు ముందు జనం ఉన్నారు. పరామర్శకు కాదు. "మా వాచీ మాకిచ్చెయ్యమ్మా. బాజి మెషిన్లు మార్చేవాడటగా." పాతికేళ్లుగా తండ్రికి సలాం కొట్టినవాళ్లే. ఎడమచేత్తో ఒక్కొక్కటీ తీసి ఇచ్చింది. ఎవరూ ఆమె కట్టు వైపు చూడలేదు. నాగాయలంక నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, రాజీకొస్తే ఆసుపత్రి ఖర్చంతా పెట్టుకుంటామన్నారు. తలుపు తీయకుండానే పొమ్మంది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో మాస్టారి మంచం దగ్గర కూర్చుంది. ఆయన చేతికి మోచేతి దాకా పిండికట్టు. రత్నకుమారి చెంచాతో అన్నం పెడుతోంది.

"మా నాన్న తరఫున క్షమించండి మాస్టారూ," అంది మహమూదా.

ఆనందరావు నమలడం ఆపేశాడు.

"నీకు చెప్పకుండా ఉండలేనమ్మా. నేను కొన్నప్పుడే దాని మెషిన్ తుప్పు పట్టి చచ్చిపోయింది. నడిస్తే చాలు, ఏదో ఒకటి వెయ్యి బాజీ అని నేనే ఇచ్చాను. మీ నాన్న వేశాడు. ఇస్తూ ఇస్తూ చెప్పాడు కూడా. 'పెట్టుకోండి మాస్టారూ, అంతే. అసలుదని ఎవరికీ అమ్మొద్దు' అన్నాడు."

"మీకు తెలుసు," అంది మహమూదా.

"శ్యాంబాబు దాన్ని చూసిన చూపు... కాదనలేకపోయానమ్మా. నా శిష్యుడు నన్నంత గొప్పగా ఎప్పుడూ చూడలేదు."

మహమూదా లేచి నిలబడింది. పిండికట్టులో ఉన్న ఆ చెయ్యి ఆమె ముందే ఉంది. దాన్ని పట్టుకుని మంచం పట్టె మీద వేసి కొట్టాలని ఒళ్లంతా లాగింది. ఎడమ చెయ్యి నిజంగానే లేచింది. రత్నకుమారి అది చూసింది. చూసి కూడా అడ్డం రాలేదు.

చెయ్యి దించి, వార్డు గుమ్మంలో కూర్చున్న కానిస్టేబుల్ని పిలిచింది మహమూదా. "మాస్టారు ఏదో చెప్తారట, రాసుకోండి." ఆనందరావు వైపు తిరిగింది. "చెప్పండి. మా నాన్న ఏమన్నాడో ఆ మాటతో సహా. గట్టిగా చెప్పండి, ఆ చివరి మంచం దాకా వినపడాలి."

ఆయన చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. రెండుసార్లూ ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. వార్డులో దగ్గులు కూడా ఆగిపోయాయి. చివరికి రత్నకుమారి అన్నం గిన్నె స్టూలు మీద పెట్టి, ఆయన మూతి తుడవకుండానే బయటికి వెళ్లిపోయింది. వెనకే మహమూదా వెళ్లింది. ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు.

"మనిషి మీద గంజి పోశానే తల్లీ," అంది రత్నకుమారి. "ఈయన కోసం పోశాను."

"నాకోసం కూడా పోశారండీ. లేకపోతే నేను లేను."

ఏడాది గడిచింది. మహమూదా చూపుడువేలికి పట్టు రాదని, మధ్యవేలు ఇక వంగదని తేలిపోయింది. బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ట్వీజర్ పట్టడం అలవాటు చేసుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మొదట్లో స్క్రూలు జారిపడి, వెతకలేక ఏడ్చేది. మాస్టారి వాంగ్మూలం సంగతి తెలిసి సగం మంది వాచీలు పట్టుకుని తిరిగొచ్చారు. మిగతా సగం రాలేదు. శ్యాంబాబు నలభై రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. వచ్చీ రాగానే ఇద్దరాడవాళ్ల మీదా ఎదురుకేసు పెట్టాడు. ఒకరు కత్తితో పొడిచారని, ఒకరు వేడి గంజి పోశారని. రెండూ జరిగినవే.

గుడివాడ కోర్టులో ఆ వాయిదా నాడు, పేర్లు పిలవగానే మహమూదా, రత్నకుమారి ముద్దాయిల వరసలో పక్కపక్కన నిలబడ్డారు. అవతల గోడ దగ్గర శ్యాంబాబు చొక్కా వీపుకి తగలకుండా వంగి కూర్చుని ఉన్నాడు. వాళ్ల వైపు చూడలేదు. వరండాలో ఆనందరావు ఒక్కడే నిలబడి ఉన్నాడు, సాక్షిగా లోపలికి పిలుస్తారేమోనని.

"చేశారా?" అని జడ్జి అడిగారు.

రత్నకుమారి మహమూదా వైపు చూసింది. ఇలాంటప్పుడు 'లేదండీ' అనమని వకీలు నేర్పే ఉన్నాడు.

"చేశామండీ," అంది మహమూదా. "ఎందుకు చేశామో కూడా చెప్తాం, వినండి."