తోడికోడళ్ళ చిట్టి పాట

కామారెడ్డిలో బస్సెక్కినప్పటి నుంచి ప్రమోద కడుపు మండుతూనే ఉంది. ఎల్లారెడ్డిలో ఉండే తోడికోడలు నవత నిన్న సాయంత్రం చేసిన ఫోనే దానికి కారణం.

"అక్కా, ఈ నెల చిట్టి నేను ఎత్తుకుంటున్న. మెయిన్ రోడ్డు మీద దుకాణానికి మడిగె దొరికింది. మగ్గం వర్కు, టైలరింగు రెండు ఒక్కతాన పెడుత. పాటల దిగకుర్రి అని అందరికి చెప్పుకున్న. నీకు చెప్పేదేముంది, నువ్వెట్లాగు దిగవు."

ఎల్లారెడ్డిలో అనసూయమ్మ నడిపే చిట్టిలో అదొక పద్ధతి. మూడు లక్షల చిట్టి, ముప్పై మంది ఆడవాళ్ళు. ప్రతి నెలా పాటలో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే చిట్టి వాళ్ళది. వదులుకున్న డబ్బు అందరికీ పంపకం. అయితే ఒకామె తనకు గట్టి అవసరం ఉందని ముందే చెప్పుకుంటే, ఆ నెల మిగతావాళ్ళు నోరు మెదపరు. తక్కువ కోతతో ఆమెకే వదిలేస్తారు. రేపు తమ అవసరానికి ఆమె కూడా నోరు మూసుకోవాలి కదా.

ప్రమోద మాత్రం చివరి నెల దాకా చిట్టి ముట్టనని నియమం పెట్టుకుంది. అప్పటిదాకా ఆగితే కోత ఉండదు, మూడు లక్షలూ చేతికొస్తాయి. పోస్టాఫీసులో వేసి నెలనెలా వడ్డీ తీసుకోవచ్చు. ఎమ్మే, బీఈడీ చదివి, ఒకే ప్రైవేటు బడిలో ఇరవై నాలుగేళ్ళు సోషల్ చెప్పిన మనిషి వెనకేసుకున్నది అదొక్కటే. పీఎఫ్ లేదు, పింఛను లేదు. బ్యాంకులో ఉన్న డిపాజిటు కొడుకు సంతోష్ ఇంజనీరింగ్ సీటు మింగేసింది. వచ్చే జూన్ నుంచి రావద్దని బడివాళ్ళు చల్లగా చెప్పేశారు కూడా. ఆ సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మరి నవత? ఇంటర్ తప్పి, బీడీలు చేసుకుంటూ ఈ ఇంటికి కోడలై వచ్చింది. ఆ బీడీల పనికీ పీఎఫ్ ఉంది! నడీడులో మగ్గం వర్కు నేర్చుకుని పెళ్ళి బ్లౌజులు కుడుతోంది. కూతురు ప్రణీతకు సర్కారు నర్సింగు కాలేజీలో సీటు, ఫీజు పేరుకే. ఇప్పుడిక మెయిన్ రోడ్డు మీద దుకాణం. తను ఏది లెక్కేసి పెట్టుకున్నా తప్పుతుంది, నవత లెక్కేయకుండా చేసిందల్లా కలిసొస్తుంది. ఇదెక్కడి న్యాయమని ప్రమోదకు ఒళ్ళు మండిపోయింది.

లింగంపేట దాటేసరికి ఒక నిశ్చయానికి వచ్చింది. పాటలో తానూ దిగుతుంది. చిట్టి తనకు అక్కర్లేదు. ధర పెంచుతూ పోతే నవత ఇంకా ఎక్కువ వదులుకోవాల్సి వస్తుంది, అంతే. మడిగె మాట్లాడుకున్న మనిషి మధ్యలో ఎలా ఆగుతుంది?

అనసూయమ్మ ఇంట్లో అప్పటికే అందరూ జంపఖానా మీద కూర్చున్నారు. నవత లేచి వచ్చి ప్రమోద చెయ్యి పట్టుకుని ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

"దుకాణం మా అక్కతోనే తెరిపిస్త. ఇంట్ల సదువుకున్నది అక్కనే గదా," అని అందరితో చెప్పింది. ఆ మాట ప్రమోదకు పుండు మీద కారంలా తగిలింది.

పాట మొదలైంది.

"ఇరవై వేలు," అంది నవత.

"ఇరవై ఐదు," అంది ప్రమోద.

పక్కన వక్క నములుతున్న ముసలామె ఎంకవ్వ దవడ ఆపింది. నవత నవ్వింది. "అక్కా, మజాకు చేస్తున్నవా?"

"పాటల మజాకేంది? నువ్వు పాడు."

ముప్పై. నలభై. అరవై. నవత మొహంలో నవ్వు పోయింది, రంగు పోయింది. ప్రమోదకు ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చినట్టుంది. ఈ బాధ కొంచెమైనా నీకూ తెలియాలి అనుకుంది. చేతులు వణుకుతున్నాయి, పై పెదవి మీద చెమట పట్టింది.

"ఎనభై ఐదు," అంది నవత సన్నగా.

"తొంభై."

తొంభై ఐదు అంటుందని ప్రమోద చూస్తోంది. నవత ఆమె వణికే చేతుల వంక చూసింది. మొహం వంక చూసింది. కొంగు సర్దుకుని వెనక్కి జరిగింది.

"ఇంక నేను పాడ."

అనసూయమ్మ మూడుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. "చిట్టి టీచరమ్మకు," అంది మొహం చిట్లించుకుని.

ముసలితనానికని దాచుకున్న మూడు లక్షల్లో తొంభై వేలు ఒక్క మాటతో పోయాయి. అందరికీ పంచితే అందులో నవతకూ ఒక వాటా!

"జమానత్ ఎవరుంటరు?" అనసూయమ్మ అడిగింది. చిట్టి ఎత్తుకున్నవాళ్ళు మిగతా నెలల కంతులు ఎగ్గొడితే కట్టడానికి సభ్యుల్లో ఒకరు పూచీ ఉండాలి.

ఎంకవ్వ తల అడ్డంగా ఊపింది. "కట్టు తప్పినోళ్ళకు నేనుండ బిడ్డా." మిగతావాళ్ళు తలుపు వంక, గోడ వంక చూశారు.

"జమానత్ లేకుంటే ఈ పాట కొట్టేస్త," అంది అనసూయమ్మ. "చిట్టి నవతదే, ఇరవైకే."

ప్రమోదకు పోయిన ఊపిరి తిరిగొచ్చింది. ఎవరూ ముందుకు రాకపోతే చాలు. పరువు పోతుంది, పోనీ. డబ్బు మిగులుతుంది. ఎవరూ లేవకూడదని మనసులో మొక్కుకుంది.

"నేనుంట," అంది నవత.



"నీ మడిగె పోతదే పిచ్చిదానా!" ఎంకవ్వ కసిరింది.

"పోతే పోనీ అవ్వా. ఊకెనే పాటల దిగే మనిషా మా అక్క? చేతులెట్ల వణుకుతున్నయో సూడుర్రి. ఏదో పెద్ద కష్టమే వచ్చింది, చెప్పుకోలేక పోతున్నది." నవత ప్రమోద వైపు తిరిగింది. "చెప్పకక్కా, నేనడగ. మడిగె ఇంకోటి దొరుకుతది."

నాకే అవసరమూ లేదు, నీ మీద కుళ్ళుతోనే పాడాను అంటే చాలు. తన పాట కొట్టేస్తారు, నవతకు దుకాణం వస్తుంది, తన ముసలితనమూ దక్కుతుంది. ప్రమోద నోరు తెరిచింది. అందరూ నవతనే చూస్తున్నారు, దేవతను చూసినట్టు. అలాంటి చూపు ఇరవై నాలుగేళ్ళ టీచరు పనిలో ఒక్కరోజైనా తనవైపు తిరగలేదు.

జూన్ నుంచి జీతం రాదు. కంతులు తప్పితే కట్టాల్సింది నవతే.

నవత పెన్ను పట్టుకుని జమానత్ కాగితం మీద సంతకం చోటు కోసం అటూ ఇటూ వెతుకుతోంది. "యాడ పెట్టాలక్కా?"

ప్రమోద వేలు పెట్టి చూపించింది. "ఈడ."