మంచిగున్న బాపు

ఆ బాలమణిని చూస్తే దినేశ్‌కి ఒళ్ళు మండేది. దాచడానికేముంది, పచ్చి కుళ్ళు. పదేళ్ళ కూతురు హర్షిణి మంచాన పడి ఉంటే పక్కన కూర్చున్న తండ్రికి ఎన్ని దిగుళ్ళుండాలో అన్నీ ఉన్నాయి. కానీ పొద్దున ఏడింటికి ఆ దవాఖాన ఆయమ్మ మిరుదొడ్డి బస్సు దిగి, చేతిసంచీతో గుమ్మంలో నిలబడగానే హర్షిణి ముఖం విచ్చుకునేది చూడండి, అప్పుడు ఆ దిగుళ్ళన్నిటినీ పక్కకు నెట్టేసి కుళ్ళు ముందుకొచ్చి కూర్చునేది.

సిద్దిపేట ఊరి చివర పిల్లల కోసం నడిపే చిన్న దవాఖాన అది. ఎనిమిది మంచాలు. ఇక జబ్బు నయం కాదని పెద్ద దవాఖానలు పంపించేసిన పిల్లలను ఇక్కడ ఉంచుకుంటారు. నొప్పి లేకుండా చూస్తారు, తినగలిగింది తినిపిస్తారు, ఓపిక ఉన్నంతసేపు ఆడిస్తారు. హర్షిణికి తొడ ఎముకలో కేన్సర్. హైదరాబాద్‌లో ఏడాది పాటు చేయగలిగిందంతా చేశారు. అది ఊపిరితిత్తుల దాకా పాకాక, ఇంక బిడ్డను సతాయించొద్దని ఇక్కడికి రాసిచ్చారు. రెండు నెలలు తల్లి శైలజే దగ్గరుంది. ఇంతలో దుబ్బాకలో, నాయనమ్మ కనకవ్వ దగ్గరున్న రెండేళ్ళ పిల్లాడికి ఒళ్ళంతా అమ్మవారు పోసింది. వాడు తల్లి కోసం ఒకటే ఏడుపు. ఆమె ఒకసారి అక్కడికి పోయాక, ఆ పొక్కులు మానేదాకా ఈ పిల్లల మధ్యకు రావడానికి వీల్లేదన్నారు. అందుకని భీవండీలో మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే దినేశ్ ఉన్నపళాన రైలెక్కి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

ఆరేళ్ళుగా అతనిది అక్కడే బతుకు. ఏడాదికోసారి, మహా అయితే రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఫోనే. సాయంత్రం పనికి ఎక్కే ముందు వీడియో కాల్ చేసి, మంచిగున్నవా బిడ్డా అంటే, మంచిగున్న బాపు అనేది హర్షిణి. ఆ ఒక్క మాట మీద అతను పన్నెండు గంటలు నిలబడి పనిచేసేవాడు. అట్లాంటి బిడ్డ పక్కన ఇప్పుడు పగలంతా, రాత్రంతా కూర్చునే అదృష్టం వచ్చిందనుకున్నాడు. అదృష్టమనే అనుకున్నాడు పాపం, మనసు ఎట్లాంటి మాటలు వెతుక్కుంటుందో చూడండి.

తీరా వచ్చి చూస్తే తన జాగాలో ఇంకొకరు కూర్చుని ఉన్నారు. దినేశ్ బజారంతా తిరిగి మూరెడు పొడుగు బొమ్మ కొని తెస్తే, మంచిగుంది బాపు అని మర్యాదగా చెప్పి పక్కన పెట్టించింది హర్షిణి. బాలమణి తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తీస్తే మాత్రం, కాలిన అంచే కావాలని పేచీ పెట్టి మరీ తీసుకుంది. వేడి వేడి ఇడ్లీ అతను నోటి దగ్గర పెడితే ఆకలి లేదు. అదే ఇడ్లీ చల్లారి గట్టిపడ్డాక ఆమె పెడితే రెండు తిన్నది. మందులకు రాలిపోయి మళ్ళీ వేలెడు కూడా పెరగని పిల్ల జుట్టును బాలమణి దువ్వుతూ, తమ ఊళ్ళో తన బర్రె ఎవరి పెళ్ళి పందిట్లో దూరిందో, ఎవరి తలపాగా నమిలిందో చెప్తుంటే హర్షిణి కిలకిలా నవ్వేది. దినేశ్ కూడా నవ్వబోయేవాడు. తండ్రి నవ్వు వినపడగానే పిల్ల సర్దుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు బుద్ధిగా పడుకునేది. ఆ బర్రెను కూడా అతను క్షమించలేకపోయాడు.

అన్నిటికంటే కడుపులో మండింది మాత్రం వేళ్ళ దగ్గర. ఆ దవాఖానలో ఒక పద్ధతుంది. పూటకు నాలుగైదుసార్లు పిల్లలను నొప్పి ఎంతుందని అడుగుతారు. పిడికిలి బిగిస్తే నొప్పి లేనట్టు, ఒక వేలు చూపిస్తే కాస్త ఉన్నట్టు, ఐదు వేళ్ళూ చూపిస్తే ఓర్చుకోలేనట్టు. మంచానికి తగిలించిన కాగితం మీద ఆ అంకె రాస్తారు. వేళకు ఇచ్చే మందు ఎట్లాగూ ఇస్తారు. మధ్యలో అంకె మూడు దాటితే సిస్టర్ యాదలక్ష్మి వచ్చి ఇంకో మోతాదు నోట్లో పోస్తుంది. ఎవరు పడితే వాళ్ళు అడగరు, బిడ్డ ఎవరికి నిజం చెప్తుందో వాళ్ళే అడగాలి. హర్షిణిని బాలమణి అడిగేది.

ఒకరోజు దినేశ్ నొప్పి ఉందా బిడ్డా అని అడిగాడు. మంచిగున్న బాపు అన్నది. సరేనని చాయ్ తాగడానికి బయటికి పోయి, కిటికీ పక్కన నిలబడ్డాడు. లోపల బాలమణి అదే మాట అడిగింది. నాలుగు వేళ్ళు లేచాయి. చాయ్ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు అతను. రెండు నిమిషాల కింద లేని నొప్పి ఈమె రాగానే ఎక్కడి నుంచి ఊడిపడింది? ఈమె గారాబం చేసి చేసి పిల్లకు మందు అలవాటు చేసిందనుకున్నాడు. ఆ మాట మనసులో అనుకోగానే ఎంత హాయిగా ఉందో! కుళ్ళుకు ఒక న్యాయం దొరికితే ఇంక దాన్ని పట్టేవాళ్ళెవరు?

శనివారం డాక్టరు మైత్రి దగ్గరికి పోయి పంచాయితీ పెట్టాడు. నా బిడ్డను నేనే అడుగుతా, నేనే రాస్తా, మధ్యలో ఆయమ్మ ఎందుకన్నాడు. మైత్రి ఓపికగా విన్నది. తండ్రిగా ఆ హక్కు మీకుంది, తప్పకుండా అడగండి, కానీ వేళ్ళొక్కటే చూడొద్దు, ముఖం కూడా చూడండి అన్నది. అడగండి అన్నంతవరకే విన్నాడు దినేశ్. మర్నాడు ఆదివారం, బాలమణికి సెలవు. అది మరీ కలిసొచ్చింది.

ఆ ఆదివారం అతను రాజు. పొద్దున అడిగాడు, ఒక వేలు. పదింటికి అడిగాడు, పిడికిలి. మధ్యాహ్నం మళ్ళీ ఒకటి. స్కూలు పిల్లాడు మార్కులు దిద్దుకున్నట్టు గుండ్రంగా రాసుకున్నాడు. పక్క మార్పించే ముందు ఒక మోతాదు ఇద్దామా అని యాదలక్ష్మి అడిగితే, కాగితం చూపించి, అక్కర్లేదు సిస్టర్, ఇవాళ మంచిగుందన్నాడు. సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చి పిల్లనే నేరుగా అడిగింది. హర్షిణి ముందు తండ్రి వంక చూసి, తర్వాత పిడికిలి చూపించింది. మిగతా పొద్దంతా గోడ వైపు తిరిగి కదలకుండా పడుకుంది. నిద్ర పడుతోందని మురిసిపోయాడు దినేశ్. శైలజకు ఫోన్ చేసి, నేను దగ్గరుంటే బిడ్డకు నొప్పే లేదని గొప్పలు పోయాడు. కొంచెం మంచిగ చూడుండ్రి అన్నదామె. దానికీ అతనికి కోపమే వచ్చింది.

సోమవారం పొద్దున బాలమణి వచ్చింది. సంచీ కూడా దించలేదు. హర్షిణి ముఖాన్ని రెండు చేతులతో తన వైపు తిప్పుకుంది. కింది పెదవి వాచి, లోపల పళ్ళు దిగిన చోట రక్తం గడ్డకట్టి ఉంది. దిండు గలీబు మూల నమిలి నమిలి పోగులు లేచి ఉంది. వేళ్ళు చూపించమని ఆమె అడగనేలేదు. యాదలక్ష్మిని పిలిచింది, మందు పడింది, అరగంటకు పిల్ల కాళ్ళు వదులయ్యాయి. అప్పుడు నిజంగా నిద్రపోయింది. అది నిద్రంటే. అంతకు ముందురోజు చూసింది ఏమిటో దినేశ్‌కి అప్పుడు తెలిసింది.

తెలిసినా ఊరుకున్నాడా? లేదు. బాలమణి వరండాలోకి రాగానే మీద పడ్డాడు. నీవల్లనే ఇదంతా, నా బిడ్డను నా నుంచి గుంజుకున్నవు, నేను వచ్చి పది రోజులాయె, ఒక్కనాడన్న నన్ను బాపు అని ఆశగ పిలవనిచ్చినవా అని అరిచాడు. పక్క గదుల్లోంచి తల్లులు తొంగిచూశారు. బాలమణి కొంగుతో చేతులు తుడుచుకుని, అతను ఆగేదాకా ఆగింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"నేను పరాయిదాన్ని తమ్మీ, గందుకే నాకు చెప్తది. నాకు చెప్తె నాకేం గాదు. నీకు చెప్తె నీకేమన్న అయితదని భయం దానికి. నన్ను తిడ్తె ఏమొస్తది? లోపటికి పోయి దాన్ని అడుగు."

ఆ మాట ఎంత చేదుగా ఉన్నా మింగుడు పడుతోంది, అదే దినేశ్‌కి నచ్చలేదు. మధ్యాహ్నం హర్షిణి లేచింది. పక్కన కూర్చుని, ఎట్లుంది బిడ్డా అన్నాడు. వాచిన పెదవితోనే, మంచిగున్న బాపు అన్నది. ఫోన్లో అనే గొంతే, అదే నవ్వు, అదే సర్దుబాటు. ఆరేళ్ళుగా తను విన్నది ఇదేనా అనుకున్నాడు. కాలి నొప్పి మొదలైన కొత్తలో కూడా ఈ గొంతే. మొదటి మూడు నెలలు కుంటుతూ నడిచినప్పుడూ ఈ మాటే.

నాకెందుకు చెప్పవు అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. పిల్ల దుప్పటి అంచు చుడుతూ, విప్పుతూ చివరికి మెల్లగా చెప్పింది.

"నాయనమ్మ చెప్పింది. బాపుకు ఫోన్ల బాధలు చెప్పొద్దు, గవ్వే మతిల వెట్టుకుని పనిజేస్తె చెయ్యి సాంచెల పడ్తదని. గా ఎర్రవల్లి మామకు గట్లనే పోయింది గదా చెయ్యి."

మగ్గంలో తండ్రి చేయి నలగకూడదని, ఆ పిల్ల పెదవి కొరుక్కుని పడుకుంది. ఆ మగ్గం ఇప్పుడు ఏడెనిమిది వందల కిలోమీటర్ల దూరాన ఎవరి చేతిలోనో తిరుగుతోంది. అయినా అలవాటు పోలేదు. దుబ్బాకలో భీవండీకి మనిషిని పంపిన ఇల్లు ఏదైనా అంతే, ఫోన్ మోగగానే ఏడుపు మింగి ముఖం తుడుచుకుంటారు. అతని తల్లి అతని మేలు కోరే నేర్పింది. ఎవరిని తిట్టాలి?

అప్పుడు దినేశ్ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాడు. మొన్న ఎండాకాలంలో అతనికి కామెర్లయ్యాయి. ఎనిమిది మంది వంతులేసుకుని పడుకునే గదిలో, పదకొండు రోజులు ఒక మూలకు పడి ఉన్నాడు. మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. సాయంత్రం మాత్రం లేచి కూర్చుని, పసుపు కళ్ళు కనపడకుండా లైటు ఆర్పి ఫోన్ చేసేవాడు. హర్షిణి కళ్ళు పెద్దవయ్యాయి.

"గప్పుడు నువ్వు కనవడలే. కరెంటు పోయింది అంటివి."

"అబద్ధమాడిన బిడ్డా. నేను మంచిగ లేకుంటి."

పిల్ల అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. తర్వాత కాలి వైపు కళ్ళతో చూపించి, నొస్తుంది బాపు, మస్తు నొస్తుంది అన్నది. అన్నాక ఏడ్చింది. అతను వచ్చిన పది రోజుల్లో అదే మొదటిసారి ఏడవడం. ఇన్నాళ్ళు ఈ మాట కోసమే కదా కుళ్ళి చచ్చాడు. అది చేతికొచ్చాక, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మం దాకా పరుగెత్తి బాలమణిని కేకేశాడు.

యాదలక్ష్మి మందు పోసి వెళ్ళింది. బాలమణి మంచం అవతలి పక్క నిలబడి, మోకాలి కింద మెత్త సర్దుతోంది. మందు పట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలు. హర్షిణి వెక్కిళ్ళు తగ్గాక, ఒక చేతిని తండ్రి చేతిలో ఉంచి, దేని గురించో ఆలోచిస్తూ పడుకుంది.

"బాపూ, గా కామెర్లైనప్పుడు ఎవరికి చెప్పినవు?"

"ఎవ్వరికి చెప్పలే బిడ్డా."

"నాకు బాలమణమ్మ ఉండె," అన్నది హర్షిణి. "నీకు ఎవ్వరు లేకపాయె."

దెప్పడం కాదు, ఎగతాళి అంతకన్నా కాదు. ఆ పిల్లకు తండ్రి మీద జాలి వేసింది, అంతే. తన బిడ్డకు ఈ రెండు నెలలూ ఈ మనిషి లేకపోయి ఉంటే అన్న ఆలోచన అప్పుడు వచ్చింది దినేశ్‌కి. బాలమణి తల ఎత్తకుండా మెత్త సర్దుతూనే ఉంది. పొద్దుటి నుంచి ఆమె ఒక్క నిమిషం కూర్చున్నది లేదు. దినేశ్ లేచి, తన కుర్చీని మంచం చుట్టూ తిప్పి ఆమె వెనక వేశాడు.

"కూసో అక్కా," అన్నాడు.