పట్టపగలు దోమతెర

నీళ్ల ట్యాంకరు ఈరోజు కూడా ఆగకుండా వీధి చివరికే పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు ఖాళీ బిందెలతో నిలబడ్డ నీలవేణికి ఒళ్లు భగ్గుమంది. ట్యాంకరు ఆగింది తోడికోడలు పద్మకుమారి గుమ్మంలో మరి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అన్నారా?

గెడ్డపేటకు ఉన్నది ఒకటే వీధి. మొదట్లో నీలవేణి ఇల్లు. పల్లానికి దిగి, పొలాలు దాటాక ఆఖరున పద్మకుమారి ఇల్లు. దాని వెనక గోడ, గోడ వెనక పట్నం చెత్త. ఆరేళ్లుగా లారీలు తెచ్చి పోస్తుంటే అది తాటిచెట్టంత గుట్టయింది. చెత్త ఏరే పనికి రేషన్ కార్డుకొక మనిషిని తీసుకుంటానన్నాడు కాంట్రాక్టరు. అన్నదమ్ములిద్దరిదీ ఇంకా ఒకటే కార్డు. గోడ పక్కనే ఉంటుందని ఆ పని పద్మకుమారికిచ్చాడు, రోజుకు మూడు వందల యాభై. పెద్దకోడలిని నేనుండగా దానికా అని నీలవేణి ఆనాడే మాట మానేసింది. ఎనిమిది నెలలుగా ఆ గడప తొక్కలేదు.

గడప తొక్కకపోయినా కళ్లు మాత్రం అటే. పద్మకుమారి ఆమదాలవలసలో పెద్ద దోమతెర కొంది. బట్టలుతకడానికి గెడ్డకు వెళ్లినప్పుడల్లా, పగలే అది కట్టి ఉండటం దూరం నుంచి కనబడేది. "జమీందారమ్మ పట్టపగలు దోమతెరలో తొంగుంటన్నాది," అని డ్వాక్రా సంఘంలో అందరికీ చెప్పి వచ్చింది నీలవేణి. సాయంత్రం గాలి తిరిగితే ఆమె ఇంట్లోనూ కడుపులో తిప్పే కంపే. ఆ కంపు కన్నా తోడికోడలి తెరే ఆమెకు ఎక్కువ బాధగా ఉండేది.

బిందెలు దించేలోపు చెత్తగుట్ట సూపర్‌వైజర్ ధనరాజ్ బండి వచ్చి ఆగింది. పొద్దుటి నుంచీ అతను వీధి మొదట్లో వాసన చంపే మందు కొట్టిస్తున్నాడు, దాని మీద మల్లెవాసన నీళ్లు చల్లిస్తున్నాడు. మూడింటికి కాలుష్యం ఆఫీసరు వస్తాడట.

"సంఘం లీడరువి నువ్వు. నువ్వు సంతకం ఎడితే మిగతావోలంతా ఎడతారు," అంటూ కాగితం తీశాడు. మందు కొడుతున్నప్పటి నుంచి వాసన లేదని అందులో రాసి ఉంది. "రేపట్నుంచి ఏరే పని నీదే."

"మరి పద్మో?"

"కంపు కొడతన్నాదని కాలుష్యం ఆఫీసుకి ఫోన్ సేసి సెప్పింది అదే. దానికి రేపట్నుంచి పని నేదు."

నీలవేణికి లోలోపల సంబరమైంది. అలా కాకూడదని ఆమెకూ తెలుసు, అయినా అయింది. ఆఫీసరొచ్చాక పెడతాలెమ్మని కాగితం పుచ్చుకుంది. ముందు ఆ కబురు తన నోటితోనే చెప్పి, దాని మొహం ఎలా మాడుతుందో చూడాలి. పద్మకుమారి అన్నానికి ఇంటికొచ్చే వేళే.

పల్లం దిగి వెళ్లిన నీలవేణి తోడికోడలి గుమ్మంలోనే ఆగిపోయింది. తెల్ల తెరనుకున్నది నల్లగా ఉంది. ఆ నలుపు కదులుతోంది. ఈగలు. లోపల మంచం లేదు. నేల మీద పద్మకుమారి, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల మధ్య అన్నం గిన్నె.

"అప్పా, నువ్వా? బేగి దూరు, ఈగలొచ్చేస్తాయి." సొంత అక్కను పిలిచినట్టే పిలుస్తూ పద్మకుమారి తెర జానెడు ఎత్తింది.

నీలవేణి వంగి దూరింది. చిన్నపిల్ల అలవాటుగా జరిగి తెర అంచు మీద కూర్చుంది. పద్మకుమారి పళ్లెంలో అన్నం, ఎండుచేపల పులుసు వేసింది. ఎనిమిది నెలల సంగతి ఎత్తలేదు.

"మూడు పూటలా ఇందులోనేటే?"

"మరేటి సెయ్యాల? నిజం సెప్తన్నాను అప్పా, నిన్ను సూసి కుళ్లుకుంటన్నాను. సంతకెళ్లినప్పుడల్లా సూస్తాను, అరుగు మీద కూకొని బువ్వ తింటావు. అప్పదే బతుకనుకుంటాను."

నీలవేణి చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసింది. పని పోయిన కబురు చెప్పింది గానీ, అనుకున్నంత సంబరంగా చెప్పలేకపోయింది. కాగితం కూడా చూపించింది. పద్మకుమారి చదివి వెనక్కిచ్చింది.

"సంతకం ఎట్టెయ్యి అప్పా. నీకైనా పని ఉంటాది."

తిట్టి ఉంటే నీలవేణి సంతకం పెట్టేసేదే. ఆ మాటకు మాత్రం సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

మూడింటికి వీధి మొదట్లో జీపు ఆగింది. ఆఫీసరు మల్లెవాసన పీల్చి ఫైలు తెరిచాడు. ధనరాజ్ పెన్ను అందించాడు. నీలవేణి కాగితం తిరిగిచ్చేసింది, పెన్ను తీసుకోలేదు.

"వాసన సంగతి నాను సెప్పను బాబూ. మా తోడికోడలింట్లో బువ్వ ఉన్నాది. తెర బయట కూకొని నాలుగు మెతుకులు తినండి. తిన్నాక ఏటి రాయాలనిపిస్తే అది రాయండి."

"రేపు పనికి రానక్కర్నేదు నువ్వు," పళ్లు కొరుకుతూ అన్నాడు ధనరాజ్.

"రాన్లే."

ఊరంతా చూస్తుండటంతో ఆఫీసరు కదలక తప్పలేదు. పొలాల దగ్గరికొచ్చేసరికే రుమాలు ముక్కు మీదికెక్కింది. పద్మకుమారి తెర బయట పీట వేసి, పళ్లెంలో అన్నం పెట్టింది. తెర లోపలి నుంచి పిల్లలిద్దరూ చూస్తున్నారు. ఆఫీసరు గుమ్మం దాటలేదు. ఆయన చూస్తుండగానే తెల్లటి అన్నం నల్లబడింది.

"కూకోండి బాబూ," అంది నీలవేణి.