అభ్యంతరం గడి

రిబ్కాకి ఆ వారమంతా కూర్చున్నచోట కుదురు లేదు. పొద్దున్నే రేపల్లెలో ప్యాసింజరెక్కి తెనాలిలో దిగడం, బట్టల కొట్టు మీద తను పనిచేసే కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కడం, కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం.

అది తొంభై ఏడో సంవత్సరం. చర్చివాళ్ల పద్ధతి తెలిసిందేగా, పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలి. బాపట్లలో రాసుకున్న ప్రకటన, కింద అభ్యంతరం రాసే గడితో సహా, ఫోను తీగ మీద రేపల్లె చర్చికి చేరాలని చర్చి పెద్దలకి కోరిక పుట్టింది. ఆ పని ఈ సెంటర్‌కి వచ్చింది. ఊళ్లకి కంప్యూటర్లు పంపేముందు ఇక్కడే సరిచూసుకోవాలి కదా. ఒకే బల్ల మీద రెండు కంప్యూటర్లు పెట్టి, మధ్య వైరు కలిపి, ఒకదానికి బాపట్ల, ఇంకోదానికి రేపల్లె అని చీటీలు అంటించింది రిబ్కా.

అంటించినప్పట్నుంచీ బాపట్ల పెట్టె కింద సముద్రపు ఇసుక రాలుతోంది. రేపల్లె పెట్టెలోంచి వేళకి రైలు కూత వినబడుతోంది. వాచ్‌మన్ యలమంద ఇసుక ఊడ్చి పారబోస్తాడు, కూత విని గడియారం సరిచేసుకుంటాడు. ఎవరి పని వాళ్లది.

ఉత్తుత్తి పేర్లతో చూడాల్సిన పని అది. ఈ పిల్ల ఏం చేసింది? బ్యాగులో ఉన్న తన పెళ్లి ప్రకటనే తీసి టైపు కొట్టేసింది. వధువు రిబ్కా, రేపల్లె దేవసహాయం గారి కూతురు. వరుడు జ్ఞానానందం, బాపట్ల. రెండు ఆదివారాలు చదివేశారు, ఈ ఆదివారం మూడోది. పెళ్లయ్యాక ఉద్యోగం మాన్పించాలని మగపెళ్లివాళ్లు అడిగారు, నాన్న మాటిచ్చేశాడు. ఈమెని అడిగినవాళ్లు లేరు. వద్దని చెబుదామంటే నాన్న మొహం చూడగానే నోరు పెగలదు.

"అభ్యంతరం గడి పనిచేస్తోందా, అమ్మా?" శనివారం మధ్యాహ్నం సెంటర్ యజమాని శేషగిరిరావు వచ్చి అడిగారు.

"ఇంకా చూడలేదండి. ఎవరి పేరు కొట్టమంటారు?"

"ఎవరిదో ఒకరిది. టెస్టేగా."

బాపట్ల పెట్టె ముందు కూర్చుని తన పేరే కొట్టింది. కారణం దగ్గర 'నాకు ఇష్టం లేదు' అని కొట్టి ఎంటర్ నొక్కింది. పక్క పెట్టెలో ఆ మాటలు వచ్చి నిలబడ్డాయి. గబగబా చెరిపేసి, బండికి టైమైందని పరిగెత్తింది.

ఆదివారం రేపల్లె చర్చిలో పాస్టరు యేసుదాసయ్యగారు ప్రకటనల పుస్తకం తెరిచి రిబ్కా పేరు మూడోసారి చదివారు. కింద ఇంకో వరస కనబడితే అదీ చదివారు.

"అభ్యంతరం చెప్పినవారు రిబ్కా. కారణం, నాకు ఇష్టం లేదు."

పుస్తకంలోకి ఆ వరస ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అందరూ ఆడవాళ్లలో కూర్చున్న రిబ్కా వైపు తిరిగి చూశారు.

దేవసహాయం లేచాడు. "అది వాళ్లాఫీసులో టెస్టు కోసం కొట్టి ఉంటుందండి, అయ్యగారూ. అంతేగా అమ్మా?"

అవునంటే గొడవ ఉండదు. రిబ్కా లేచి నిలబడింది.

"టెస్టు కోసమే కొట్టాను, నాన్నా. కానీ అబద్ధం కొట్టలేదు."

"కూర్చోమ్మా," అన్నాడు దేవసహాయం. ఆరాధన అయ్యాక ఇంటికి కూడా వెళ్లకుండా, బాపట్లవాళ్లకి కాదని చెప్పి రావడానికి ఒక్కడే బస్టాండుకి నడిచాడు.